మిగిలిన సెలవుల లెక్క

రాజీనామా మెయిల్ పోయిన వారమే పంపాను. నోటీసులో, అంటే రాజీనామా ఇచ్చాక ఆఖరి రోజు దాకా పనిచేయాల్సిన కాలంలో, ఉన్న మనిషికి ఆఫీసులో ఓ విచిత్రమైన హోదా వస్తుంది. కొత్త పని ఎవరూ ఇవ్వరు, పాత పని ఎవరూ తీసుకోరు. హ్యాండోవర్, అంటే నా పని అప్పగింత, తీసుకోవాల్సిన కుర్రాడికి వేరే ప్రాజెక్టులో ఊపిరాడటం లేదు. నా కేలండర్‌లోంచి మీటింగులు మాత్రం ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ఆ సంగతి బాగానే ఉంది.

ఈరోజు లీవుల విషయం తేల్చుకుందామని మేనేజర్ గారి దగ్గరికి వెళ్లాను. నా ఖాతాలో ఎర్న్‌డ్ లీవులు, అంటే పనిచేసిన కాలానికి జమయ్యే సెలవులు, చాలానే పోగయి ఉన్నాయి. "నోటీసులో లీవులు ఉండవమ్మా, పాలసీ" అన్నారు స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే. వాదించే ఓపిక లేక, ఓసారి చదువుకుని వస్తానండీ అని సీటుకొచ్చేశాను.

నిజంగానే కూర్చుని చదివాను. చేరిన రోజు సంతకం పెట్టాక మళ్లీ తెరిచి చూడని అపాయింట్‌మెంట్ లెటర్, దాంతోపాటు లీవ్ పాలసీ. అందులో ఉన్నది "నోటీసు కాలంలో సెలవు మేనేజర్ అనుమతితో మాత్రమే" అని. అంటే ఆయన ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. అసలు ఉండవనడం వేరు, ఇది వేరు.

ఇంకో చిక్కు కూడా అక్కడే విడిపోయింది. నోటీసులో లీవు పెట్టడం, లీవుల్ని నోటీసుకి సర్దేయడం రెండూ ఒకటేనన్నట్టు మా ఫ్లోర్‌లో అందరూ మాట్లాడుతుంటారు. మొదటిదాంట్లో ఆఖరి రోజు కదలదు. ఇంట్లో ఉన్నా కంపెనీ ఉద్యోగులమే, జీతం మామూలుగా వస్తుంది. కొన్నిచోట్ల అయితే లీవు పెట్టినన్ని రోజులు నోటీసు పొడుగవుతుంది, కాబట్టి ఆ వాక్యం ఉందో లేదో చూసుకోవాలి. మా దాంట్లో లేదు. రెండోదాంట్లో మిగిలిన లీవులన్ని రోజులు నోటీసు తగ్గి ఆఖరి రోజే ముందుకొస్తుంది, రిలీవింగ్ లెటర్‌లోనూ ఆ తేదీయే పడుతుంది. కొత్త చోట తొందరగా చేరాలనుకునేవాళ్లకి అది పనికొస్తుంది. నా చేరే తేదీ ఎప్పుడో ఖాయమైపోయింది, మధ్యలో జీతం లేని ఖాళీ తెచ్చుకుని నేనేం చేసుకుంటాను? నాకు కావాల్సింది మొదటిదే.

వాడని ఎర్న్‌డ్ లీవులకి డబ్బిస్తారు కదా, ఇంత గొడవెందుకు అని పక్క సీటు అక్క అడిగింది. లెక్క వేసి చూపించాను. మా దగ్గర ఎన్‌క్యాష్‌మెంట్ కట్టేది బేసిక్ మీదే. అలవెన్సులు అందులోకి రావు. బేసిక్ మొత్తం జీతంలో సగం అనుకుందాం. దాన్ని నెలకి 30 రోజులతో భాగించే కంపెనీలో ఒక రోజు లీవు అమ్ముకుంటే అర రోజు జీతం చేతికొస్తుంది. ఆదివారాలు తీసేసి 26తో భాగిస్తే ఇంకాస్త నయం, అయినా పూర్తి రోజు జీతం కాదు. అదే లీవు పెట్టి ఇంట్లో ఉంటే ఆ రోజు జీతం మొత్తం వస్తుంది. అక్క కాసేపు కాలిక్యులేటర్ వైపే చూసి "ఇన్నాళ్లూ మిగిల్చుకుంటే లాభమనుకున్నానే" అంది.

క్యాజువల్ లీవులు, సిక్ లీవులు మాత్రం మా దగ్గర డబ్బుగా మారవు. ఆఖరి రోజుతో పోతాయి. "నాలుగు రోజులు జ్వరం తెచ్చుకో" అని ఇంకొకాయన సలహా. నోటీసులో వచ్చే జ్వరానికి డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారని ఆయనకి తెలియదు పాపం.

మధ్యాహ్నం చదువుతుంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్ల 132వ ఒప్పందం కనిపించింది, 1970 నాటిది. ఆమోదించిన దేశాలకే వర్తిస్తుందనుకోండి, అయినా అందులోని ఒక మాట నాకు బాగా నచ్చింది. సెలవు ఎప్పుడన్నది యజమానే తేల్చవచ్చుగానీ ముందు ఉద్యోగిని సంప్రదించాలి, తేల్చేటప్పుడు పని అవసరాలతో పాటు ఉద్యోగికి విశ్రాంతి దొరికే వీలు కూడా చూడాలి. ఉద్యోగం మానేస్తే పనిచేసిన కాలానికి తగ్గ సెలవో, దానికి బదులు డబ్బో దక్కాలని కూడా ఉంది. మా మేనేజర్ గారు పొద్దున చూసింది పని అవసరాలు ఒక్కటే.

ఆయన భయమూ అర్థం కానిది కాదు. లీవు మీద వెళ్లి ఆఖరి రోజు లాప్‌టాప్ ఇచ్చేయడానికి మాత్రమే వచ్చినవాళ్లని మేమంతా చూశాం. వాళ్లు వదిలేసిన పని మా నెత్తినే పడింది. అందుకే ఈసారి కాగితం మీద రాసుకుని వెళ్లాను: ముందు హ్యాండోవర్, అది అయ్యిందని ఆ కుర్రాడి మెయిల్, ఆ తర్వాత లీవు, ఆఖరి వారం మళ్లీ ఆఫీసులో.

ఆయన చదివి "ఇంటర్వ్యూలు అయిపోయాయిగా, ఇంక లీవు దేనికమ్మా?" అన్నారు.

"పనేం లేదండీ. సెలవు కావాలి."

ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా అడగలేదు. లీవ్ ఫారంలో కారణం అనే గడి ఒకటి ఉంటుంది. దాంట్లో పెళ్లిళ్లు రాశాను, ఆస్పత్రులు రాశాను, ఒకసారి ఇంటి రిపేరు కూడా రాశాను. అన్నీ నిజాలే. కానీ పని చేసి సంపాదించుకున్న రోజుకి ఏదో ఒక కష్టం జత చేస్తేగానీ అడగకూడదన్నట్టు ఎందుకు ఉండేదో! ఆయన కూడా కాస్త తడబడ్డారు. కారణం చెబితే బేరమాడొచ్చు, పెళ్లికి అన్ని రోజులెందుకు అనొచ్చు. ఏ కారణమూ లేని సెలవుతో బేరం ఎక్కడ మొదలుపెడతారు?

చివరికి సగం లీవులకి ఒప్పుకున్నారు. మిగతావి ఫైనల్ సెటిల్‌మెంట్‌లో డబ్బుగా వస్తాయి. నేను అడిగింది అన్నీ, దక్కింది సగం. పొద్దున సున్నా కదా, ఫర్వాలేదు. పోర్టల్‌లో అప్లై చేసి, కారణం గడిలో "సెలవు" అని రాశాను. సిస్టమ్ ఏమీ అనకుండా తీసుకుంది.

రేపు చేయాల్సినవి: ఆయన నోటితో ఒప్పుకున్నదంతా మెయిల్‌లో రాసి, హెచ్‌ఆర్‌ని కాపీలో పెట్టాలి. లీవ్ బ్యాలెన్స్ పేజీ, పే స్లిప్పులు నా సొంత మెయిల్‌కి పంపుకోవాలి, ఆఖరి రోజు సాయంత్రం లాగిన్ తీసేస్తారు కాబట్టి. ఆ కుర్రాణ్ని ఎలాగైనా పట్టుకుని గంటసేపైనా కూర్చోబెట్టాలి.