ఐదో రింగుకే చేజారిన ఫోను

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పద్దులు చూడటం నా ఉద్యోగం. ఆఫీసు ఫోన్లను కలిపే పాత ఈపీఏబీఎక్స్ పెట్టె తీసేసి, ఆస్టరిస్క్ అనే కంప్యూటరు సాఫ్ట్‌వేరు మీద నడిచే కొత్త టెలిఫోను వ్యవస్థ పెట్టాక, కంప్యూటరు తెలిసిన పాపానికి దాని టైమర్ల పని కూడా నా నెత్తినే పడింది. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి ఒకాయన "మీ ఫోను మోగుతూనే ఉంటుందండీ, ఎత్తే నాథుడే లేడు" అని నిష్ఠూరమాడిన రోజున ఆ సెట్టింగులన్నీ మొదటిసారి శ్రద్ధగా చదివాను.

బుకింగ్ కౌంటరులో ఎవరూ ఎత్తకపోతే 15 సెకన్లకు కాల్ అకౌంట్స్‌కు మారేలా అమర్చి ఉంది. మన దేశంలో ఫోను చేసినవారికి వినిపించేది జంట గంట: 0.4 సెకను మోత, 0.2 సెకను విరామం, మళ్ళీ 0.4 సెకను మోత, ఆపైన 2 సెకన్ల నిశ్శబ్దం, వెరసి 3 సెకన్లు. అమెరికాలో 2 సెకన్ల మోతకు 4 సెకన్ల నిశ్శబ్దం కలిపి 6 సెకన్లు కనుక, అక్కడివారు "నాలుగు రింగులు" అంటే 24 సెకన్లు, మనకు 12 సెకన్లే. మా గుమాస్తాగారు లోడింగు దగ్గర బస్తాల లెక్క ఆపి, చెవిలో పెన్ను దోపుకుని, చెప్పులు వెతుక్కుని వచ్చి రిసీవరు అందుకోవడానికి నా గడియారం ప్రకారం 21 సెకన్లు పట్టింది. ఆయన చెయ్యి వేసేసరికి ఫోను పక్క గదిలో మోగుతోందన్నమాట. కౌంటరుకు 24, అకౌంట్స్‌కు 18 సెకన్లు ఇచ్చాను.

ఆ తరువాతి మజిలీ మేనేజరుగారి సెల్‌ఫోను. ఎవరూ ఎత్తని కాల్ సెల్‌ఫోనులో 30 సెకన్లు, ల్యాండ్‌లైనులో 60 సెకన్లు మోగాలని 2019 నవంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించింది. మా దాంట్లో సెల్‌ఫోను గడువు 40 ఉండటంతో, నెట్‌వర్కే ముందు చేతులెత్తేసి, "మీరు ఫోను చేసినవారు స్పందించడం లేదు" అనే మాటను మా తరఫున వ్యాపారి చెవిలో వేసేది. దాన్ని 25కు తగ్గించాను. కానీ 24, 18, 25 కలిపితే 67 అవుతుంది, 60 దాటితే అసలు కాలే తెగిపోతుంది. అందుకని సెల్‌కు మళ్ళించే ముందు వ్యవస్థే ఫోను ఎత్తి "దయచేసి లైనులో ఉండండి" అని పలికేలా పెట్టాను. ఒకసారి ఎత్తిన కాల్‌కు మోగే గడువుతో పని లేదు.

అంకెల గొడవ వేరు. ఫోను చేసినవారికి వినిపించే మెనూలో బుకింగుకు 2 నొక్కమని చెప్పి, ఎక్స్‌టెన్షన్లను, అంటే ఆఫీసు లోపలి ఫోన్ల నంబర్లను, 201, 202 అని మొదలుపెడితే, 2 నొక్కగానే యంత్రం ఇంకా అంకెలు వస్తాయేమోనని కాచుకుని కూర్చుంటుంది. ఆ గడువు తగ్గిస్తే కళ్ళజోడు సవరించుకుంటూ నిదానంగా నొక్కే పెద్దవారు మధ్యలోనే దారి తప్పుతారు. గడువు ముట్టుకోకుండా ఎక్స్‌టెన్షన్లను 6తో మొదలయ్యేలా మార్చడమే నాకు మేలనిపించింది, మెనూలో 6 లేదు కనుక.

ఇంత చేసినా పొద్దున ఫోను చేసినవారికి "ఆఫీసు మూసి ఉంది" అనే వినిపించేది. పనివేళలు ఉదయం 9:30 నుంచి రాత్రి 7:30 అని సరిగానే రాశాను. సర్వరు గడియారం మాత్రం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో, ఉండిపోయింది. మన కాలం దానికంటే ఐదున్నర గంటలు ముందు కావడంతో, మా ఆఫీసు ఆ యంత్రం లెక్కలో మన మధ్యాహ్నం 3కు తెరుచుకుని అర్ధరాత్రి దాటి 1కి మూతపడేది. సంగతి బయటపెట్టింది మా వాచ్‌మన్. రెండు రాత్రులు ఖాళీ ఆఫీసులో మోగిన ఫోన్లన్నీ ఆయనే ఎత్తి, గోడ క్యాలెండరు వెనక వివరాలు రాసిపెట్టాడు. వాటిలో మూడోది మిర్చి యార్డు వ్యాపారిది, రాత్రి 11:40కి: "ఈ రోజు వెంటనే ఎత్తారు, సంతోషం. లోడు సంగతి రేపు మాట్లాడతాను."