వీఆర్‌ఎస్ లెక్కలో ఒక్క నెల

రైల్వేలో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్న మా బావమరిదికి ఆఖరి బేసిక్‌లో సరిగ్గా సగం పెన్షన్ వచ్చింది. నాకూ అంతే అనుకున్నాను. నాది ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ, పాత పెన్షన్. 1999 జనవరి 11న చేరాను. అమ్మ మంచాన పడ్డాక, 54 ఏళ్లకే ఉద్యోగం చాలించుకుందామని అనుకునేసరికి నా బేసిక్ 70,850. 35,425 వస్తుందని ఇంట్లో చెప్పేశాను కూడా.

సూపరింటెండెంటుగా రిటైరైన బాబాయ్ ఒకాయన విని నవ్వారు. "కేంద్రం లెక్క వేరు నాయనా. మనకు సగం రావాలంటే 33 ఏళ్లు, అంటే 66 అర్ధ సంవత్సరాలు ఉండాలి" అంటూ పాత క్యాలెండర్ కాగితం తిరగేసి రాయడం మొదలుపెట్టారు. సర్వీసు 20 ఏళ్లు నిండితే మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. అలా వెళ్లేవాళ్లకు ఐదేళ్ల దాకా వెయిటేజీ, అంటే చేయకపోయినా లెక్కలో వేసే అదనపు సర్వీసు, కలుస్తుంది, మొత్తం మాత్రం 33 దాటకూడదు.

"ఎప్పుడు దిగుతావు?"

"2023 మార్చి 31."

"24 ఏళ్ల 2 నెలల 21 రోజులు. మూడు నెలలు నిండితేనే ఇంకో అర్ధ సంవత్సరం. ఒక్క నెల ఆగరాదూ?"

ఏప్రిల్ 30కి మార్చాను. అర్ధ సంవత్సరాలు 48 కాస్తా 49 అయ్యాయి, వెయిటేజీ 10తో 59. 70,850ని 59తో గుణించి 132తో (66కు రెట్టింపు, వచ్చేది సగమే కాబట్టి) భాగిస్తే 31,668. మార్చిలో దిగి ఉంటే 31,131. తేడా 537 రూపాయలే గానీ అది బతికినంతకాలం, పైగా దాని మీద డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భత్యం). వెయిటేజీ లేకపోతే 26,300 దగ్గరే ఆగేది.

లెక్క తేలింది గానీ సర్వీసు రిజిస్టర్ తేలలేదు. 2004-05లో నేను పనిచేసిన మండలంలో ఆ ఏడాది సర్వీసు వెరిఫికేషన్ ఎంట్రీయే వేయలేదు. జీతం తీసుకున్నట్టు సంతకాలుండే పాత అక్విటెన్స్ రిజిస్టర్ల కోసం నాలుగుసార్లు తిరిగాను. ఆ టెన్షన్‌లో బీపీ మాత్ర మొదలైంది. ఉద్యోగంలో ఉండగానే, ఏటా ఎంట్రీ పడిందో లేదో చూసుకునే బుద్ధి నాకెందుకు లేకపోయిందో!

పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేశాను, అంటే ఆ భాగానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకున్నాను. నెలనెలా 12,667 కోతపోగా చేతికి 19,001. డీఆర్ మాత్రం పూర్తి పెన్షన్ మీదే కడతారు. ఆ కోత 15 ఏళ్లకు ఆగి, నెల పెన్షన్ మళ్లీ పూర్తిగా వస్తుంది. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు నుంచి వచ్చిన పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వు, పట్టుకుని బాబాయ్ దగ్గరికి వెళ్తే, ఆయన ముందు ఆ క్యాలెండర్ కాగితం వెతికి తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు.