మా పండుకి షుగర్

పండు మా పిల్లి. పదేళ్ళు దాటిన మగపిల్లి, బొద్దుగా ఉండేవాడు. విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి మొత్తానికి తెలిసినవాడు. ఎండలు పోయి వానలు పడుతున్నా వాడి నీళ్ళగిన్నె పూటపూటకీ ఖాళీ అయిపోతుంటే అనుమానం వచ్చింది. ఇసుక ట్రేలో మూత్రం ఉండలు పెద్దవయ్యాయి. తిండి ఎప్పటికంటే ఎక్కువే తింటున్నాడు, కానీ నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది. ఆ తర్వాత నడకే మారిపోయింది. వెనక కాళ్ళ మడమలు నేలకి ఆనించి నడుస్తున్నాడు, సోఫా మీదికి ఎగరలేకపోతున్నాడు. మా అత్తయ్య చూసి, "అమ్మాయ్, ఈ దాహం, ఈ చిక్కిపోవడం నాకు తెలిసినవే. వీడికి షుగరేమో, ఓసారి చూపించు" అన్నారు. ఆవిడ ఏళ్ళ తరబడి ఇన్సులిన్ మీదే ఉన్నారు.

బుట్టలో పెట్టి ఆటోలో తీసుకెళ్ళాం. దారంతా అరుస్తూనే ఉన్నాడు. రక్తంలో షుగర్ 380 దాటింది. అయినా డాక్టరుగారు అప్పటికప్పుడు తేల్చెయ్యలేదు. బెదిరిన పిల్లికి ఆ కాసేపట్లోనే షుగర్ బాగా పెరిగిపోతుందట. అందుకని మూత్రం పరీక్షా, ఫ్రక్టోసమైన్ పరీక్షా చేయించారు. గడిచిన రెండు వారాల్లో షుగర్ ఎలా ఉందో ఫ్రక్టోసమైన్ చెబుతుంది, ఆటోలో పడ్డ భయం దాని లెక్కలోకి రాదు. రెండింట్లోనూ షుగరే అని తేలింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

డాక్టరుగారు చెప్పిన ఒక్క మాట పట్టుకునే నిలబడ్డాను. పిల్లులకి వచ్చే షుగర్ చాలావరకు మనుషుల టైప్ 2 లాంటిదే. ఆలస్యం చెయ్యకుండా ఇన్సులిన్ మొదలుపెట్టి, తిండి మార్చి, అదుపులో ఉంచితే కొన్ని పిల్లులకి కొన్నాళ్ళకి ఇన్సులిన్ అక్కర్లేకుండా కూడా పోతుంది. అన్నిటికీ కాదు, కొన్నిటికి. నాకు ఆ మాత్రం చాలు.

పండుకి రాసింది గ్లార్జిన్ అనే ఇన్సులిన్, పన్నెండు గంటలకోసారి ఒక యూనిట్. ఇక్కడ ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. ఎర్ర మూతది 40 రకం ఇన్సులిన్‌కి (అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు), ఆరెంజ్ మూతది 100 రకానికి. అత్తయ్య వాడేది 40. గ్లార్జిన్ 100. షాపులో అలవాటుగా ఎర్ర మూత సిరంజిలే చేతిలో పెట్టారు. అత్తయ్య కవరు విప్పి చూసి, "ఇవి వీడి మందుకి కావు, మార్చుకురా" అన్నారు. ఆ ఎర్ర మూత సిరంజితో వీడి మందు ఒక యూనిట్ గీత వరకు లాగితే ఒక యూనిట్ కాదు, రెండున్నర వెళ్తుంది. నాలుగు కిలోల ప్రాణానికి అది చిన్న తేడా కాదు. మందు బుడ్డి మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి.

సూది వెయ్యడం అనుకున్నంత కష్టం కాలేదు. వాడు గిన్నెలో తల పెట్టి తింటున్నప్పుడు పక్కటెముకల మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లేపితే గుడారంలా నిలుస్తుంది. దాని అడుగున గుచ్చాలి. ఆ సూది ఎంత సన్నం అంటే చాలాసార్లు వాడు తల కూడా ఎత్తడు. ఒక్కోసారి సూది చర్మం అవతలివైపు నుంచి బయటికొచ్చేస్తుంది. అప్పుడు బొచ్చు తడిగా తగులుతుంది, ఘాటైన మందు వాసన వేస్తుంది. ఎంత లోపలికి వెళ్ళిందో తెలియదు కాబట్టి మళ్ళీ వెయ్యకూడదు, ఆ పూటకి వదిలెయ్యాలి. ఒక పూట షుగర్ ఎక్కువున్నా పరవాలేదు గానీ పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. తిండి ముట్టకపోతే డాక్టరుని అడగకుండా సూది వెయ్యం. తూలినా, నీరసంగా పడిపోయినా చిగుళ్ళకి తేనె రాసి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకే మా ఫ్రిజ్ మీద ఎప్పుడూ తేనెసీసా ఉంటుంది.

పెరుగన్నం, గింజల మేత ఆపేశాం. పిల్లి మాంసాహారి, పిండిపదార్థాలు దానికి పెద్దగా అవసరం లేదు. ఇప్పుడు పిండి తక్కువున్న తడి మేత పెడుతున్నాం. దాంతోపాటు ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన కానాగంతలు ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి కొంచెం. ఉత్త చేపలే పెడితే మిగతా పోషకాలు అందవన్నారు. తిండి మార్చినప్పుడు ఇన్సులిన్ మోతాదు కూడా తగ్గించాల్సి రావచ్చు, అందుకని డాక్టరుకి చెప్పే మార్చాం.

షుగర్ ఇంట్లోనే చూస్తున్నాం. చెవిని గోరువెచ్చని గుడ్డతో కాసేపు పట్టుకుని, అంచున సన్నగా గుచ్చితే చుక్క వస్తుంది. అత్తయ్య గ్లూకోమీటరే వాడుతున్నాం. మనుషుల మీటరు పిల్లి రక్తానికి కాస్త తక్కువ చూపిస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు. అంకెలన్నీ అత్తయ్య తన డైరీలోనే, తన అంకెల పక్క వరసలో రాస్తారు.

మడమలు ఇప్పుడిప్పుడే లేస్తున్నాయి. మోతాదు తగ్గించాలా అనేది వచ్చే ఫ్రక్టోసమైన్ చూశాక చెబుతామన్నారు. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్ళాలి, పండునీ తీసుకెళ్తున్నాం. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు కాబట్టి ఐస్ ప్యాక్‌కి నేరుగా తగలకుండా తువ్వాల్లో చుట్టి పెట్టుకుంటాం. పొద్దున్న సూది ఇక్కడ వేసి బయల్దేరితే రాత్రి సూది వేళకి ఊళ్ళో ఉంటాం.