బొమ్మకు ముందు కాగితాలు

పిల్లల పుస్తకానికి బొమ్మలు వేయమంటే వెంటనే రంగుల డబ్బా తెరవకండి. ఎనిమిది ఏ4 కాగితాలు మధ్యకు మడిచి పిన్ను కొట్టండి, 32 పేజీల డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారు. ప్రెస్సులో పెద్ద షీటు మడిస్తే పేజీలు 8, 16 చొప్పునే వస్తాయి. 27 పేజీల పుస్తకం ఎంత బాగున్నా ఇమడదు. పుస్తకం పేరు, ప్రచురణ వివరాలు మూడు పేజీలు తినేస్తే, 4-5 నుంచి 30-31 దాకా 14 జోడీలు, చివర్న ఒంటిగా 32వ పేజీ మిగులుతాయి. ‘పొదలో ఏముంది?’ అన్నది కుడి పేజీలో పడాలి, పేజీ తిప్పాకే కుందేలు కనబడాలి. రెండూ ఎదురెదురుగా పడితే ఆ ప్రశ్న దండగ.

ముఖాలను మధ్య మడతకు ఒకటిన్నర సెంటీమీటరైనా దూరం పెట్టండి. పిన్ను బైండింగయితే పర్వాలేదు గానీ, గమ్ము బైండింగులో అవ్వ ముక్కు మడతలోకి పోతుంది. అంచు దాటి 3 మిల్లీమీటర్లు రంగు ఉండాలి, లేకుంటే కోతలో తెల్లగీత తేలుతుంది.

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. వరుసల మధ్య జాగా ఎక్కువ కావాలి కాబట్టి ఆకాశమో గోడో ఖాళీగా వదలండి. అంగడి బోర్డు మీద పేరు మాత్రం బొమ్మలో కలిపి రాయొద్దు. తూలిక, ప్రథమ్ బుక్స్ లాంటి ప్రచురణకర్తలు అవే బొమ్మలతో చాలా భాషల్లో వేస్తారు. అక్షరాలు నలుపులో విడిగా ఉంటే ప్రెస్సులో ఆ ఒక్క నలుపు ప్లేటు మార్చుకుంటే సరి.

ఇక అనంతపురం ఎండ. ఏప్రిల్ మధ్యాహ్నం నీటిరంగుతో ఆకాశం సగం పూసేలోపే మొదటి సగం ఆరిపోయి గీత కడుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితాన్ని రెండు వైపులా తడిపి, ఫ్యాను ఆపి, పొద్దున్నే పూయండి. రంగు త్వరగా ఆరకుండా కప్పు నీళ్లలో రెండు చుక్కల గ్లిజరిన్ చాలు. ఎక్కువైతే రంగు ఆరక జిగటగా ఉండి పై కాగితానికి అంటుకుంటుంది.

చెనిక్కాయ చేను గీసేటప్పుడు ఇక్కడి పిల్లల్ని ఏమార్చలేరు. కొమ్మలకు కాయలు వేలాడేస్తే పకపకా నవ్వుతారు. పైన కనిపించేది పసుపు పువ్వు. ఆ పువ్వు నుంచి వచ్చే ఊడ మట్టిలోకి దిగాకే కాయ ఊరుతుంది. ఆకుకు నాలుగు రెబ్బలు. కాయలు చూపాలంటే పీకిన చెట్టే గీయాలి, మట్టితో సహా.

ఇంకో కాగితం, ఒప్పందం. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగుకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. హక్కులు ఎవరివి, అసలు బొమ్మలు వెనక్కిస్తారా, మళ్లీ అచ్చేస్తే ఎంత అన్నవి ముందే రాయించుకోండి. పెన్సిలు దశలో రెండుసార్లు సవరణ ఊరికే చేయొచ్చు. రంగు పడ్డాక తాత తలపాగా మార్చమంటే దాని లెక్క వేరు.