జిర్కోనియంతో మూడు రోజులు

మూడు రోజులుగా జిర్కోనియం గ్రాఫ్ ముందే కూర్చున్నా. పని చెప్పుకోవడానికి తేలికే: ఈ లోహం ఐసోటోపులు (న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉండే రూపాలు) న్యూట్రాన్లను ఎంతగా మింగుతాయో ఎవరెవరు కొలిచారో పోగేసి, ఏ అంకెను నమ్మాలో తేల్చడం. ఒక పాత కొలత మాత్రం మిగతావాటికంటే చాలా ఎత్తున నిలబడింది. దాన్నీ కలిపి సగటు తీసేశాను. (తొందర. ఒప్పుకుంటున్నా.)

నిన్న మాస్టారు చూసి ఒకటే అడిగారు: "శాంపిల్‌లో హాఫ్నియం ఎంతుందో వాళ్లు రాశారామ్మా?"

రాయలేదు. ఖనిజంలో జిర్కోనియం, హాఫ్నియం అనే ఈ రెండు లోహాలూ అంటిపెట్టుకునే ఉంటాయి. నెమ్మది న్యూట్రాన్లకు జిర్కోనియం విలువ సుమారు 0.18 బార్న్‌లు (న్యూట్రాన్లను ఎంతగా మింగుతుందో కొలిచే ప్రమాణం), హాఫ్నియంది దాదాపు 104. నూరు అణువుల్లో ఒక్కటి హాఫ్నియం అయినా చాలు, అసలు విలువకు ఐదు రెట్ల పైనే అదనంగా వచ్చి కూర్చుంటుంది. రియాక్టర్ ఇంధన గొట్టాల జిర్కోనియంలోంచి దాన్ని అంత కష్టపడి తీసేసేది అందుకే. పాపం జిర్కోనియం-90 అనే ఐసోటోపు అయితే 50 న్యూట్రాన్లతో కడుపు నిండి ఉంటుంది, ఇంకొకటి పెడతామన్నా వద్దంటుంది.

ఇప్పుడు భీమిలి ఒడ్డున ఉన్నా. ఈ ఇసుకలోనూ జిర్కాన్ అనే జిర్కోనియం ఖనిజం ఉంది, దాంతోపాటే హాఫ్నియమూ. చేతిలో మురీ మిక్చర్, కళ్ల ముందు అదే గ్రాఫ్. రేపు మళ్లీ మొదటి నుంచి.