పూతరేకులు, ఫిక్ సూత్రం

"సార్, ముందు ప్లాంట్ కెపాసిటీ లెక్కేద్దామా?" అన్నారు క్లాసులో మా ఇంజనీరింగ్ పిల్లలు. ఫ్యాక్టరీ ఎంత తయారుచేయాలన్నది సరే, అసలు ఏం తయారుచేయాలో ఇంకా తేలనే లేదు!

బల్ల మీద ఆత్రేయపురం పూతరేకులు. ఒకటి పట్టుకోగానే పెళపెళమని చిట్లి, చక్కెరపొడి రికార్డు పుస్తకం మీద రాలింది. "ఇవి అమెరికాలో ఉన్న కొడుక్కి పంపే అమ్మకి ఏం కావాలి?" అన్నాను. చాలాసేపటికి రాజోలు అమ్మాయి చెప్పింది: "మెత్తబడకూడదు, నెయ్యి వాసన మారకూడదు."

ఇక ఆగలేదు పిల్లలు. పాలిథీన్ కవరు తేమని బాగానే ఆపుతుంది, నెయ్యి వాసన మార్చే ఆక్సిజన్‌ని మాత్రం అంతగా ఆపలేదు. మరి పైన ఇంకే పొర వేయాలి? ఎంత మందం? పొర గుండా వాయువు ఎంత వేగంగా చొరబడుతుందో చెప్పే ఫిక్ సూత్రాన్ని, పరీక్షకని బట్టీపట్టినదాన్ని, ఎవరూ చెప్పకుండానే బోర్డు మీద రాసేశారు. నాకెంత సంతోషమేసిందో! అవసరం తెలిశాకే లెక్క వేయాలని నేనెప్పుడూ పోరేది ఇందుకే.

రేపు అల్యూమినియం పొరున్న కవర్లు తెస్తారట. పూతరేకులు మాత్రం అయిపోయాయి.