గాలి తగిలిన సీసా

ఇవాళ ధమనిక ఉలకలేదు, పలకలేదు. మైక్రోస్కోపు కింద ఎలుక కిడ్నీ నుంచి తీసిన 20 మైక్రాన్ల గొట్టం, గ్లోమెరులస్‌లోకి (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్న నాళాల ముద్ద) రక్తం తెచ్చేది. అరాకిడోనిక్ యాసిడ్ పడినా వెడల్పు అంతే.

తప్పు ధమనికది కాదు, ఆ యాసిడ్ ఉన్న సీసాది. అది నాలుగు డబుల్ బాండ్లున్న కొవ్వు ఆమ్లం, గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతుంది. ఇథనాల్‌లో కరిగించి, చిన్న గాజు సీసాల్లోకి పంచి, పైన నైట్రోజన్ నింపి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. ఒకసారి తెరిచింది మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లకూడదు. వట్టి ఇథనాల్‌తో ఒక కంట్రోల్ (పోల్చి చూసుకునే ప్రయోగం) తప్పనిసరి. ద్రావణంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంటే ఇంకో తలనొప్పి, వేసిన ఆమ్లాన్ని అదే పట్టేసుకుంటుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ ఒక్క ముడిసరుకు నుంచే ఎదురెదురు సంకేతాలు పుడతాయి. వాటిలో ఒకటి, 20-హెచ్‌ఈటీఈ, ధమనిక గోడలోని కండర కణంలో పొటాషియం చానెళ్లను మూయిస్తుంది, కాల్షియం లోపలికొస్తుంది, గొట్టం బిగుస్తుంది. అదే ఆమ్లం నుంచి పుట్టే ఈఈటీలు అవే చానెళ్లను తెరిచి వదులు చేస్తాయి. కాకపోతే ఎపాక్సైడ్ హైడ్రోలేజ్ అనే ఎంజైమ్ వాటిని ఎక్కువసేపు బతకనివ్వదు. మధ్యలో ఈ ఆమ్లం నుంచే పుట్టే ప్రోస్టాగ్లాండిన్ల గోల. 20-హెచ్‌ఈటీఈ, ఈఈటీలనే చూడాలంటే ముందే ప్రోస్టాగ్లాండిన్లను ఆపే ఇండోమెథసిన్ వేయాలి.

(ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లకు నొప్పి మాత్రలతో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగేదీ ఇందుకే. ధమనికను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లు ఆగిపోతాయి.)

20-హెచ్‌ఈటీఈని బీపీ పెంచే విలన్‌గా తేల్చేస్తే మాత్రం ఒప్పుకోను. కిడ్నీలో మూత్రం తయారయ్యే నాళికల్లో అదే సోడియాన్ని బయటికి పంపించి, బీపీ తగ్గే వైపు లాగుతుంది.